లక్క ముద్ర

2010 చలికాలంలో ఒక మధ్యాహ్నం మా ఆఫీసు పెద్దాయన నన్ను తన గదిలోకి పిలిచి తలుపు వేశాడు. అమెరికాలో యజమాని తలుపు వేశాడంటే ఉద్యోగం ఊడినట్టేనని అప్పటికి పదిహేనేళ్ళుగా చూస్తున్నాను. కాని ఆయన అడిగింది వేరే సంగతి.

"మన ఫైళ్ళన్నీ వర్జీనియాలో ఎవరిదో బిల్డింగులో పెడదామంటున్నావు. సరే. ఇక్కణ్ణుంచి అక్కడికి అవి ఏ దారిన వెళ్తాయి?"

"ఇంటర్నెట్ మీదే."

"అంటే రోడ్డు మీద."

కాదనడానికి లేదు. మాది న్యూజెర్సీలో పాతిక మంది పనిచేసే చిన్న ఆఫీసు. చుట్టుపక్కల దుకాణాలకీ, డాక్టర్లకీ, కార్లు బాగుచేసే షాపులకీ జీతాల లెక్కలూ పన్నుల లెక్కలూ చేసిపెట్టే వ్యాపారం. ఎవరికెంత జీతం, ఎవరి సోషల్ సెక్యూరిటీ నంబరెంత, విడాకులైన ఎవరి జీతంలోంచి కోర్టు నెలకెంత కోయమంది - అన్నీ మా దగ్గరే ఉంటాయి. ఇవి వీధిన పడితే మా ఆఫీసు మర్నాడు తెరవనక్కర్లేదు.

"వీపీఎన్ పెడతాం," అన్నాను.

"ఆ మూడక్షరాలు నేనూ విన్నాను. వాటినెందుకు నమ్మాలో చెప్పు. సోమవారం చెప్పు."

ఆ శనాదివారాలు కాగితాలు ముందేసుకు కూచున్నాను. రోజూ చేసే పనే, ఎందుకు నమ్ముతున్నానో మాత్రం నన్నెవరూ అడగలేదు. నేనూ అడుక్కోలేదు. తీరా చెప్పాలని కూచుంటే నాకు ముందుగా గుర్తొచ్చింది కంప్యూటర్లు కాదు, మా నాన్నగారి పోస్టాఫీసు.

నాన్నగారు పాలకొల్లు దగ్గర ఒక చిన్న ఊళ్ళో సబ్ పోస్టుమాస్టరు. సాయంత్రం ఉత్తరాలన్నీ కట్టలు కట్టి కాన్వాసు సంచీలో వేసి, మూతి పురికొసతో బిగించి, ముడి మీద కొవ్వొత్తి మంటకి కరిగించిన లక్క పోసి ఇత్తడి సీలుతో అద్దేవారు. ఆ వాసన నాకిప్పటికీ జ్ఞాపకమే. సంచీకి వేలాడే చీటీ మీద ఏ ఆఫీసునుంచి ఏ ఆఫీసుకో మాత్రమే ఉండేది. లోపలి ఉత్తరాలు ఎవరు ఎవరికి రాశారో చీటీ చెప్పదు. ఆ సంచీ నర్సాపురం పాసింజర్లో, మేకల్నీ కొబ్బరికాయల్నీ ఎక్కించుకున్న అదే రైల్లో వెళ్ళేది. తపాలా శాఖకి సొంత రైలు లేదు. రైలు అందరిదీ, ముద్ర ఒక్కటే మనది.

వీపీఎన్ అన్నా అంతే. ఆఫీసులో పుట్టిన ప్రతి చిన్న ప్యాకెట్టునీ, దాని లోపలి చిరునామాతో సహా మొత్తం మూటకట్టి, పైన కొత్త చీటీ తగిలిస్తారు. చీటీ మీద మా రౌటరు నంబరూ అవతలి రౌటరు నంబరూ తప్ప ఇంకేమీ ఉండదు. దారిలో చూసేవాడికి సంచీ ఎంత బరువో, ఎన్నింటికి బయల్దేరిందో తెలుస్తుంది. అందులో ఎవరి జీతం ఉందో తెలియదు.

సొంత రైలు వేసుకున్న రోజులూ లేకపోలేదు. అమెరికాలో బెల్ టెలిఫోన్ వ్యవస్థ 1962లో టీ1 అనే లైను తెచ్చింది. సెకనుకి 15 లక్షల బిట్లకి కాస్త పైన, ఒకే తీగ మీద 24 టెలిఫోను సంభాషణలు. తరవాత కంపెనీలు దాన్నే అద్దెకి తీసుకుని ఒక ఆఫీసుకీ ఇంకో ఆఫీసుకీ మధ్య కంప్యూటర్లు కలుపుకున్నాయి. బిల్లు మైళ్ళ లెక్కన. పక్క ఊరికైతే భరించవచ్చు, కాలిఫోర్నియాకైతే ఆస్తులమ్ముకోవాలి. అందుకని 1990లలో ఫ్రేమ్ రిలే వచ్చింది. తీగ అందరిదీ, అందులో మీకో ఊహాదారి గీసి ఇస్తాడు ఫోను కంపెనీవాడు. దాన్ని కూడా ప్రైవేటు అనే అమ్మారు. నిజానికి అందులో తాళం లేదు, కంపెనీవాడి మాట మాత్రమే ఉంది. మా వృత్తిలో చాలామంది ఈ రెండిటికీ తేడా గమనించకుండానే రిటైరయ్యారు.

మన వైపు కథ ఇంకా ఇరుకు. 1985లో టెక్సాస్ ఇన్స్ట్రుమెంట్స్ బెంగుళూరులో ఆఫీసు తెరిచినప్పుడు అమెరికాతో మాట్లాడటానికి ఉపగ్రహం దారి కావలసివచ్చింది. 1991లో కేంద్ర ప్రభుత్వం సాఫ్ట్‌వేర్ టెక్నాలజీ పార్కుల సంస్థ పెట్టి, ఆ ఉపగ్రహం దారిని చిన్న కంపెనీలకి కూడా ముక్కలు చేసి అద్దెకివ్వడం మొదలుపెట్టింది. నేను అమెరికా రాకముందు రెండేళ్ళు హైదరాబాద్ అమీర్‌పేటలో పనిచేశాను. 64 కిలోబిట్ల లైను అంటే మాకు గొప్ప. డిష్షు ఉన్న కంపెనీని పెళ్ళిసంబంధాల్లో కూడా చెప్పుకునేవారు. మామూలు జనానికి ఇంటర్నెట్ 1995 ఆగస్టు 15న విదేశ్ సంచార్ నిగమ్ ద్వారా వచ్చింది, అప్పటికి నేను న్యూజెర్సీలో ఉన్నాను. సైబర్ టవర్స్ 1998 నవంబరులో ప్రారంభమైంది. అంటే మన ఊళ్ళకి అందరి రైలు వచ్చి ఎంతో కాలం కాలేదు.

అందరి రైలు వచ్చిందంటే ముద్ర కావాలి. 1993లో జాన్ ఇయోనిడిస్, మాట్ బ్లేజ్ అనే ఇద్దరు ఇంటర్నెట్ ప్యాకెట్లకే తాళం వేసే ఒక ప్రయోగం చేశారు. 1995 ఆగస్టులో ఐపీసెక్ మొదటి ప్రమాణాలు వచ్చాయి. వాటిలో ముఖ్యమైనవి రాసిన రాండల్ అట్కిన్సన్ అమెరికా నౌకాదళ పరిశోధనశాలలో ఉండేవాడు. ఇక్కడొక సంగతి నాకు చాలా నచ్చింది. వాళ్ళు ముద్రనీ తాళాన్నీ విడివిడిగా రాశారు. లక్క ముద్ర సంచీని దొంగ నుంచి కాపాడదు. కత్తి ఉన్నవాడు సంచీ కోసెయ్యగలడు. ముద్ర చేసే పనల్లా ఎవడైనా ముట్టుకుంటే మనకి తెలియజెయ్యడం. తాళం చేసేది లోపల ఏముందో కనబడకుండా దాచడం. రెండూ కావాలి. పైగా ఒక్కో మూటకీ వరస నంబరు వేస్తారు, నిన్నటి సంచీనే ఎవడో దాచిపెట్టి ఇవాళ మళ్ళీ తెచ్చి ఇస్తే పట్టుకోవడానికి. నాన్నగారి రిజిస్టర్లో కూడా ఆ నంబర్ల గడి ఉండేది.

తాళాల చరిత్ర అంత పవిత్రమైనదేమీ కాదు. 1996లో విండోస్ ఎన్‌టీ 4తో పాటు పీపీటీపీ అనే వీపీఎన్ పద్ధతి ఉచితంగా వచ్చింది. ఊళ్ళు తిరిగే సేల్స్‌మన్‌లకి నేనే ఎన్నో ల్యాప్‌టాపుల్లో పెట్టాను. 1998లో బ్రూస్ ష్నయర్, మడ్జ్ దాన్ని విప్పి చూసి లోపాలన్నీ బయటపెట్టారు. 2012లో మాక్సీ మార్లిన్‌స్పైక్ దాని పాస్‌వర్డు పద్ధతిని పూర్తిగా పగలగొట్టవచ్చని చూపించాడు. ఆ మధ్య పద్నాలుగేళ్ళూ జనం దాన్ని వాడుతూనే ఉన్నారు. సులువుగా ఉండేది మరి.

ఇంకో విచిత్రం. అమెరికా 1996 చివరి దాకా గట్టి తాళాల్ని ఆయుధాల జాబితాలో పెట్టింది. బయటి దేశాలకి పంపే సాఫ్ట్‌వేర్‌లో సాధారణంగా 40 బిట్ల తాళమే ఉండేది. ఆ కట్టుబాట్లు బాగా సడలింది 2000 జనవరిలో. ఇండియాలో ఇంటర్నెట్ కంపెనీల లైసెన్సులు కూడా అనుమతి లేకుండా 40 బిట్లు దాటకూడదన్నాయి. అప్పటి ప్రభుత్వ ప్రమాణమైన 56 బిట్ల డీఈఎస్ తాళాన్నే 1998 జులైలో ఎలక్ట్రానిక్ ఫ్రాంటియర్ ఫౌండేషన్ వాళ్ళు రెండున్నర లక్షల డాలర్లలోపు ఖర్చుతో ఒక యంత్రం కట్టి మూడు రోజుల్లోపే తెరిచారు. బిట్టు ఒకటి పెరిగితే వెతకాల్సిన తాళంచెవులు రెట్టింపవుతాయి. ఆ లెక్కన 40 బిట్లంటే దాని పని 65 వేలో వంతు. తాళం కాదు, గడియ. ఇప్పుడు వాడే ఏఈఎస్ 2001 నవంబరులో ప్రమాణమైంది. దాన్ని చేసినవాళ్ళు డేమెన్, రైమెన్ అనే ఇద్దరు బెల్జియంవాళ్ళు. బహిరంగ పోటీ పెట్టి, ప్రపంచంలోని పండితులందర్నీ పగలగొట్టమని పిలిచి, పగలనిదాన్ని తీసుకున్నారు.

సోమవారం పెద్దాయనకి ఇదంతా చెబుతుంటే ఆయన సరిగ్గా పట్టుకోవలసిన చోటే పట్టుకున్నాడు. "తాళం గట్టిదే. తాళంచెవి అవతలివాడికి ఎలా ఇస్తావు? అదీ ఆ రోడ్డు మీదేగా?"

దీనికి జవాబు 1976లో డిఫీ, హెల్‌మన్ ఇచ్చారు. బ్రిటిష్ గూఢచారి సంస్థలో వాళ్ళకంటే ముందే కనిపెట్టినవాళ్ళున్నారని 1997లో బయటికొచ్చింది, కాని వాళ్ళు చెప్పుకోవడానికి వీల్లేదు పాపం. ఈ ఉపాయాన్ని నేను పారాణితో చెబుతాను. పసుపులో సున్నం కలిపితే ఎరుపొస్తుంది. ఆ ఎరుపులోంచి పసుపుని మళ్ళీ విడదీయడం ఎవరి తరమూ కాదు. ఇప్పుడు మీరూ నేనూ అందరి ముందూ ఒకే పసుపు తీసుకుంటాం. మీ రహస్యపు రంగు మీరు కలుపుతారు, నాది నేను కలుపుతాను. గిన్నెలు మార్చుకుంటాం. దారిలో అందరూ చూడనీండి. వచ్చిన గిన్నెలో ఎవరి రంగు వాళ్ళు మళ్ళీ కలిపితే ఇద్దరి దగ్గరా ఒకటే రంగు తేలుతుంది. చూసినవాడి దగ్గర మాత్రం అది ఉండదు. అసలు లెక్కలో రంగులకి బదులు వందల అంకెలున్న ప్రధాన సంఖ్యలుంటాయి, అంతే తేడా.

ఇందులో ఒక చిక్కుంది. గిన్నె పంపింది నిజంగా మీరేనా? మధ్యలో ఇంకెవడో కూచుని మీకు నేనుగా, నాకు మీరుగా నటిస్తే? అందుకని ఇద్దరికీ ముందే తెలిసిన ఒక రహస్యపు మాట ఉండాలి. ఆ మాట బయటపడినంత మాత్రాన పాత సంచీలు విప్పడానికి పనికిరాదు, వాటి తాళంచెవులు ఎప్పటికప్పుడు పుట్టి పోతుంటాయి గనక. కాని ఆ మాట తెలిసినవాడు ముందు ముందు దారికడ్డంగా కూచుని మనమేనని అవతలివాణ్ణి నమ్మించగలడు. ఈ ముక్క గుర్తుంచుకోండి, మళ్ళీ వస్తాను.

పెద్దాయన కాసేపు కిటికీలోంచి మంచు చూసి, "సరే, కానీ," అన్నాడు.

అమెజాన్ 2006 ఆగస్టులో గంటల లెక్కన కంప్యూటర్లు అద్దెకివ్వడం మొదలుపెట్టింది. అప్పట్లో అవి ఇంటర్నెట్ మీద బాహాటంగా ఉండేవి. మాలాంటి ఆఫీసులు అడుగుపెట్టింది 2009 ఆగస్టు తరవాత, వాళ్ళు ప్రైవేటు గది లాంటిదొకటి తెచ్చాక. మొదట్లో ఆ గదికి వీధివైపు గుమ్మమే లేదు. ఒక్క తలుపు, అదీ వీపీఎన్ ద్వారా మీ ఆఫీసువైపు తెరుచుకునేది. వీధిగుమ్మం 2011లో పెట్టారు. వీపీఎన్‌కి గంటకి 5 సెంట్లు, నెలకి 36 డాలర్లు. టీ1 లైనుకి ఆరు వందలు కడుతున్న మా పెద్దాయన ఆ అంకె చూసి బిల్లులో తప్పుందేమో కనుక్కోమన్నాడు.

ఖరీదు తక్కువే గాని పని తక్కువ కాదు. వాళ్ళు రెండు సొరంగాలిస్తారు, ఒకటి ఆగితే ఇంకోటి. ఏది నడుస్తోందో రౌటర్లు బీజీపీ అనే భాషలో చెప్పుకోవాలి. మా పాత డబ్బాకి ఆ భాష రాదు, కొత్తది కొన్నాం. తరవాత చిరునామాల గొడవ. ఆఫీసుల లోపల వాడుకోవడానికి 1996లో మూడు గుంపుల నంబర్లు వదిలేశారు, ఎవరైనా వాడుకోవచ్చు. ప్రతి ఊళ్ళోనూ రామాలయం వీధి ఉన్నట్టు ప్రతి ఆఫీసులోనూ 192.168.1 ఉంటుంది. మాకు హైదరాబాదులో లెక్కలు సరిచూసేవాళ్ళు ఆరుగురుండేవారు. వాళ్ళదీ అదే వీధి. రెండు రామాలయం వీధుల్ని కలిపితే పోస్ట్‌మాన్ ఏం చేస్తాడు? ఒక ఆదివారమంతా కూచుని మా వీధి పేరు మార్చాను.

అన్నిటికంటే ఏడిపించింది ఇంకోటి. అంతా కలిసింది, పలకరిస్తే పలుకుతోంది, చిన్న ఫైళ్ళు వెళ్తున్నాయి, పెద్ద ఫైలు మాత్రం సగంలో ఉరేసుకున్నట్టు ఆగిపోతోంది. రాత్రి రెండింటికి తెలిసింది. ప్యాకెట్టు 1500 బైట్లు. దాన్ని మూటకట్టి పైన చీటీ తగిలిస్తే 1500 దాటుతుంది, దారిలో పట్టక పడిపోతుంది. ఉత్తరమే కాస్త చిన్నది రాయమని రెండువైపులా చెప్పాలి. 1400కి లోపు పెట్టాక గాని నడవలేదు.

ఆ రాత్రుళ్ళు నాకు తోడున్నది హైదరాబాదులో ఒక కుర్రాడు. మా కాంట్రాక్టు మనిషి. నాకు అర్ధరాత్రయితే అతనికి పగలు. "అన్నా, ఫైలు పంపండి, నేను రాసి పెడతా, మీరు పడుకోండి," అన్నాడొకనాడు. కళ్ళు మూతలు పడుతున్నాయి. అమెజాన్ ఇచ్చిన సెట్టింగుల ఫైలు మామూలు ఈమెయిల్లో అతనికి పంపేసి పడుకున్నాను. పొద్దున్నకి రౌటరు నడుస్తోంది. ఇద్దరం సంబరపడ్డాం.

ఆ ఫైల్లో రహస్యపు మాట ఉంది.

మూడేళ్ళు నాకది గుర్తే రాలేదు. 2013 జూన్‌లో స్నోడెన్ కబుర్లతో పేపర్లు మోగిపోతున్న రోజుల్లో ఆ కుర్రాడే ఉద్యోగం మారుతూ రాశాడు. "అన్నా, పాత మెయిళ్ళు తీసేస్తున్నా, మీ రౌటర్ ఫైలు కనబడింది. కీ కూడా ఉంది అందులో. తర్వాత మార్చారు కదా?"

మార్చలేదు. లక్క పోసే సీలుని తపాలా కార్డుకి అంటించి హైదరాబాద్ పంపాను. అది మూడేళ్ళు రెండు మెయిలు పెట్టెల్లో, ఎన్ని సర్వర్ల మీదో పడి ఉంది. ఆ రాత్రే కీ మార్చాను. రౌటరు చిట్టాలు చూశాను, అవి ముప్ఫై రోజులవే ఉన్నాయి. ఆ ముప్ఫై రోజుల్లో అనుమానించాల్సిందేమీ లేదు. అంతకు ముందు వెయ్యి రోజుల సంగతి చెప్పేవాళ్ళు లేరు.

ఎవరికీ చెప్పనక్కర్లేదనుకున్నాను. ఏమీ జరగలేదుగా. శనివారం మామూలుగా ఇంటికి ఫోను చేశాను. నాన్నగారికి అప్పటికి ఎనభై దాటాయి. నా గొంతు పట్టేసి ఏమిట్రా అన్నారు. పోస్టాఫీసు భాషలోనే చెప్పాను. ఆయన వెంటనే ఏమీ అనలేదు. నా చిన్నప్పటిదొకటి గుర్తుచేశారు. ఒకసారి ముద్ర పగిలిన సంచీ వచ్చింది. నాన్నగారు విప్పలేదు. ఇద్దరు సాక్షుల్ని పిలిపించి, తూకం వేయించి, రిజిస్టర్లో రాసి, వాళ్ళ ఎదురుగా తెరిచారు. అన్నీ ఉన్నాయి. సాక్షి సంతకం పెట్టిన కిరాణా కొట్టాయన విసుక్కున్నాడు, "అన్నీ ఉన్నాయిగా మేష్టారూ, దీనికింత గొడవెందుకు?" అని.

"ఉన్నాయని ఇప్పుడు తెలిసింది, సంచీ వచ్చినప్పుడు తెలీదుగా అన్నాన్రా," అన్నారు నాన్నగారు. "నువ్వు రిజిస్టర్లో రాశావా?"

సోమవారం పెద్దాయన గదిలోకి నేనే వెళ్ళి నేనే తలుపు వేశాను. ఆయన అంతా విని, "ఎన్ని రోజులు?" అని ఒక్కటే అడిగాడు. లాయర్ని పిలిచాడు. రెండు పేజీల కాగితం నాచేత రాయించారు. ఎవరి వివరాలూ బయటికి పోయిన ఆధారం లేకపోయినా, పెద్దాయన ఖాతాదారులందరికీ తన సంతకంతో ఉత్తరం రాశాడు. ఇద్దరు మమ్మల్ని వదిలి వెళ్ళిపోయారు. అందులో ఒకాయన పాతికేళ్ళ ఖాతా. నా ఉద్యోగం పోలేదు గాని, ఆ ఏడాదంతా పెద్దాయన నాతో వాతావరణం గురించి తప్ప ఇంకేమీ మాట్లాడలేదు.

2015లో కొందరు పరిశోధకులు లాగ్‌జామ్ అని ఒకటి బయటపెట్టారు. చాలా వీపీఎన్‌లు అందరూ వాడే ఒకే 1024 బిట్ల ప్రధాన సంఖ్యతో రంగులు కలుపుతున్నాయనీ, పెద్ద ప్రభుత్వాలకి దాన్ని ఛేదించడం సాధ్యమేననీ. మా రౌటర్లో ఉన్నదీ ఆ రకమే. ఈసారి మార్చిన రోజే రాశాను. 2020 మార్చిలో కరోనా వచ్చి పాతికమందీ ఇళ్ళకి పోయారు. ఆఫీసుకీ క్లౌడ్‌కీ మధ్య సొరంగం నిక్షేపంలా ఉంది, ఆఫీసులో మనుషులు లేరు. ఆ నెలాఖరుకే జేసన్ డోనన్‌ఫెల్డ్ రాసిన వైర్‌గార్డ్ లినక్స్ లోపలికి చేరింది. సుమారు నాలుగు వేల పంక్తులు, ఓపికుంటే కూచుని చదవచ్చు. మా వాళ్ళ ఇళ్ళకి అదే పెట్టాను. 2022 నవంబరులో అమెజాన్ హైదరాబాదులోనే తన కేంద్రం తెరిచింది.

నాన్నగారు 2017లో పోయారు. పెద్దాయన వ్యాపారం కూతురికి అప్పగించి ఫ్లారిడా వెళ్ళాడు. మొన్న శీతాకాలంలో సర్వర్ గదిలో ఆఖరి యంత్రం ఆపేశాం. ఇప్పుడు అక్కడ చీపుర్లూ, కాగితాల పెట్టెలూ, గోడకి ఒక చిన్న రౌటరూ ఉన్నాయి. రౌటరు పక్కన మేకుకి ఒక నోటు పుస్తకం వేలాడుతుంటుంది. 2013 జూన్ నుంచి కీ మార్చిన ప్రతి తేదీ అందులో ఉంది. పక్కన రెండు సంతకాలు, మార్చినవాళ్ళదీ చూసినవాళ్ళదీ. కీ మాత్రం అందులో రాయం.

ఈమధ్య కొత్తగా చేరిన అమ్మాయి రెండో సంతకం పెడుతూ, ఇదంతా కంప్యూటర్లోనే రాసుకోవచ్చు కదా, ఈ పుస్తకమేమిటని అడిగింది.

పోస్టాఫీసు పద్ధతి అన్నాను.